సుద్ద గుట్టల మీద సమాధి దిబ్బలు: ఈ చలికాలం పని ఎంతవరకు వచ్చిందంటే

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ సుద్ద గుట్టల మీద కంచు యుగం నాటి గుండ్రని సమాధి దిబ్బలు చాలా ఉన్నాయి. వాటిని రకాల వారీగా గుర్తించి కొలతలు రాసుకోవాలన్నది ఈ చలికాలానికి నేను పెట్టుకున్న పని. దూరం నుంచి అన్నీ గడ్డి మొలిచిన గుట్టల్లాగే ఉంటాయి. తేడా తెలిసేది పైన కాదు, పాదం దగ్గర. దిబ్బ అంచుకు ఆనుకునే కందకం ఉంటే అది గిన్నె రకం. దిబ్బకూ కందకానికీ మధ్య చదునుగా కొంత నేల వదిలి ఉంటే గంట రకం. విశాలమైన చదును మధ్యలో చిన్న బొడిపె, చుట్టూ కందకం, దాని అవతల కట్ట ఉంటే బిళ్ల రకం. అందుకే ఎక్కడికి వెళ్లినా ముందు కందకం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఆ తర్వాతే దిబ్బ వైపు చూస్తున్నాను.

ఇంటి దగ్గర చేసుకోవలసిన పని ముందు చెబుతాను. విల్ట్‌షైర్‌లో పెద్ద రాతి వలయం ఉన్న ఏవ్‌బరీ గ్రామ ప్రాంతానికి, బ్రిటన్ అధికారిక పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి ఎక్స్‌ప్లోరర్ 157 పటం సరిపోతుంది. 1:25,000 స్కేలులో ఉండే ఆ పటంలో రోమన్లకు ముందు కాలపు కట్టడాల పేర్లు పాతకాలపు అక్షరాల్లో ఉంటాయి. ‘ట్యుములస్’ అని కనిపిస్తే సమాధి దిబ్బే. తర్వాత ఇంగ్లండ్ ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే ఒక మీటరు లైడార్ డేటాను (విమానం నుంచి లేజర్ కిరణాలతో కొలిచిన నేల ఎత్తులు) క్యూజిస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, నీడలు వేయించి చూస్తాను. వెలుగు ఒకే దిక్కు నుంచి వేస్తే, అదే దిక్కుగా సాగే కట్టలు కనిపించకుండా పోతాయి. అందుకే వాయవ్యం నుంచి ఒకసారి, ఈశాన్యం నుంచి మరోసారి వేయాలి.

నేల మీద చూడడానికి డిసెంబరు, జనవరి నెలలను మించినవి లేవు. ఆ రోజుల్లో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 15 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. జానెడు లోతు పల్లానికి కూడా నీడ పడుతుంది. గడ్డీ పొట్టిగా ఉంటుంది. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది కాబట్టి మంచి పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. 30 మీటర్ల టేపును నేల మీద పరచడమే తప్ప మేకులు దించను. ఇవి 1979 నాటి పురాతన కట్టడాల చట్టం కింద రక్షిత కట్టడాలు. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడడం నేరం.

స్విండన్ నుంచి 49 నంబరు బస్సులో ఏవ్‌బరీకి వచ్చి, నిలువురాళ్ల బాట వెంట నడిస్తే ఓవర్టన్ హిల్ వస్తుంది. రిడ్జ్‌వే నడకదారి మొదలయ్యేది అక్కడే. దారి పక్కనే దిబ్బలు వరుసగా ఉంటాయి. ఒక దిబ్బ నెత్తిన బేసిన్ అంత గుంట ఉంది. ఇటువంటి గుంట చాలా చోట్ల పాతకాలపు తవ్వకాలకు గుర్తు. 19వ శతాబ్దం తొలినాళ్లలో విలియం కన్నింగ్టన్, రిచర్డ్ కోల్ట్ హోర్ ఈ జిల్లాలో వందల దిబ్బలను తెరిపించారు. అదే దిబ్బ వాలులో కుందేళ్లు తవ్విపోసిన మట్టిలో వేలి గోరంత సుద్ద ముక్కలు తెల్లగా మెరుస్తున్నాయి. కట్టిన కొత్తలో దిబ్బ అంతా ఆ రంగులోనే ఉండి ఉంటుంది. వాటిని ముట్టుకోలేదు, ఫొటో మాత్రం తీసుకున్నాను.

కందకం లోతు విషయంలో నాకు దారి చూపింది ఓవర్టన్ డౌన్ మీది ప్రయోగ కట్టడం. 1960లో పురావస్తు శాస్త్రజ్ఞులు అక్కడ సుద్దనేలలో కొత్తగా ఒక కందకం తవ్వి, ఆ మట్టితోనే పక్కన కట్ట వేశారు. 2, 4, 8, 16, 32, 64, 128 ఏళ్లకు ఒక్కోసారి కోసి చూడాలన్నది ప్రణాళిక. తమ జీవితకాలంలో ముగియని పనిని అంత శ్రద్ధగా మొదలుపెట్టడం నాకు ఎంతో గొప్పగా అనిపిస్తుంది. తేలినదేమిటంటే, మంచుకు కందకం గోడల సుద్ద పగిలి రాలుతుంది. తొలి సంవత్సరాల్లోనే అడుగు చకచకా పూడుతుంది. గడ్డి పట్టాక ఆ వేగం తగ్గిపోతుంది. అంటే నేను ఈరోజు కొలిచే లోతు అసలు లోతు కాదు. అందుకే పుస్తకంలో ‘ఇప్పటి పల్లం’ అని గడి పెట్టి, దిబ్బ అడ్డుకొలతకూ వదిలిన చదును వెడల్పుకూ ఎక్కువ విలువ ఇస్తున్నాను.

బిళ్ల రకం బాగా తెలియాలంటే డోర్సెట్‌లోని ఓక్లీ డౌన్‌కు వెళ్లాలి. అక్కడ ఆక్లింగ్ డైక్ అనే రోమన్ రహదారి ఒక బిళ్ల దిబ్బ అంచును కోసుకుంటూ పోతుంది. రహదారి కట్ట మీద నిలబడి చూస్తే, కందకపు వంపు ఆ కట్ట దగ్గర ఎలా తెగిపోయిందో స్పష్టంగా కనిపిస్తుంది. ఏది ముందో, ఏది తర్వాతో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తెలంగాణలో రాక్షస గుళ్లుగా పిలిచే ఇనుప యుగపు సమాధులను చూసినవారికి ఇక్కడ రాళ్ల వలయం లేకపోవడం వింతగా ఉంటుంది. అక్కడ పెద్ద బండరాళ్లు హద్దు గీస్తే, ఈ దిబ్బల చుట్టూ ఆ పని కందకం చేస్తుంది. దిబ్బకు కావలసిన సుద్ద కూడా అందులోంచే వస్తుంది.

ఇక మిగిలింది స్టోన్‌హెంజ్ దగ్గరి వింటర్‌బోర్న్ స్టోక్ కూడలి. పొడవాటి దిబ్బతో మొదలుపెట్టి గిన్నె, గంట, బిళ్ల, సాసరు (కందకం దాకా పరచుకున్న తక్కువ ఎత్తు దిబ్బ), గుంట రకాలన్నీ ఒకేచోట ఉన్నాయి. గుంట రకానికి దిబ్బే ఉండదు, పల్లమూ దాని చుట్టూ కట్టా మాత్రమే. ఏప్రిల్ దాటితే గడ్డిలో అది దొరకదు కాబట్టి మార్చిలోనే పూర్తిచేయాలి.