సంచిలో రెండు రాళ్లతో ఉక్కునగరానికి

విశాఖపట్నం వెళ్లేవాళ్లు చుట్టాలకి కాకినాడ కాజాలు పట్టుకెళ్తారు. నేను రెండు రాళ్లు పట్టుకెళ్లాను. మా షెడ్డు గచ్చు పగిలి బయటపడ్డ స్లాగ్ ముక్కలవి. స్లాగ్ అంటే ఇనుము, ఉక్కు తయారుచేసేటప్పుడు మిగిలిపోయే రాయిలాంటి వ్యర్థం. కంకర కంటే చవగ్గా వస్తోందని ఒక లారీ ఆయన దగ్గర కొని, గచ్చు కింద నింపించాను. ఎక్కడిదో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఒక్క వానాకాలం గడిచేసరికి గచ్చు నడిమధ్యన బోర్లించిన మూకుడులా లేచింది.

తునిలో రత్నాచల్ ఎక్కి దువ్వాడలో దిగాను. అనకాపల్లి చుట్టుపక్కల క్వారీలు తొలిచేసిన కొండలు కనిపిస్తుంటే, మనం వేసే ప్రతి రోడ్డుకీ ఎక్కడో ఒక కొండ తరుగుతోంది కదా అనిపించింది.

ఉక్కు కర్మాగారం లోపలికి వెళ్లడానికి మా బావ ముందే పాస్ రాయించి ఉంచాడు. గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను సంచి విప్పించి, రాళ్లు చూసి, నన్ను చూసి నవ్వాడు. స్లాగ్ కొండల దగ్గరికి స్లాగ్ మోసుకొచ్చినవాణ్ని అదే మొదటిసారి చూడటం కాబోలు. రాళ్లు అక్కడే పెట్టించి రసీదు రాసిచ్చాడు.

ఇక్కడ ఇనుము కరిగించే పెద్ద కొలిముల, అంటే బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నిప్పులు కక్కే కొలిమికి అన్నపూర్ణ అని పేరు పెట్టినవాళ్లెవరో గానీ, నాకు భలే నచ్చింది.

"స్లాగ్ అంటే ఒకటే అనుకున్నావేటి?" అన్నాడు బావ. ఇనుం కరిగించినప్పుడు పైన తేలేది ఒకటి. టన్ను ఇనుముకి 300 నుంచి 400 కిలోల దాకా వస్తుంది. ఎర్రగా మరుగుతున్నప్పుడే నీటి ధారలు కొడితే ఇసకలా పలుకులవుతుంది. అది సిమెంటు ఫ్యాక్టరీలకి పోతుంది. ఆ ఇనుమునే ఉక్కు చేసేటప్పుడు భాస్వరంలాంటి మలినాలు లాగడానికి సున్నం వేస్తారు. అప్పుడు వచ్చేది ఎల్.డి. స్లాగ్. వేసిన సున్నమంతా కరగదు, కొంత గుల్లసున్నంగానే రాయి లోపల ఉండిపోతుంది.

"గుల్లసున్నం మీద నీళ్లు పోస్తే ఏమవుద్ది?"

చిన్నప్పుడు ఇంటికి వెల్ల వేసేటప్పుడు తొట్టెలో బుసబుసా పొంగిన సున్నం గుర్తొచ్చింది. మా గచ్చు కింద జరిగిందీ అదేనన్నమాట.

యార్డులో ఒక ముక్క చేతికిచ్చాడు. అదే సైజు నల్లరాయి కంటే స్పష్టంగా బరువు. ఒళ్లంతా గరుకు, అంచులు పదును. రోడ్డుకి కావలసింది ఆ గరుకే. టైర్లు రుద్ది రుద్ది నున్నగా చెయ్యలేవు, తడిలో బండి జారదు. సున్నపు గుణం వల్ల తారు కూడా గట్టిగా పట్టుకుంటుంది. కాకపోతే రాయికి చిన్న చిన్న రంధ్రాలు ఉండడంతో తారు కాస్త ఎక్కువే తాగుతుంది. బరువు కాబట్టి దూరం వెళ్లేకొద్దీ లారీ కిరాయే రాయి ధరని మింగేస్తుంది. ఉక్కు కర్మాగారం చుట్టుపక్కల రోడ్లకే ఇది గిట్టుబాటు అని నాకనిపించింది. 2022లో సూరత్ దగ్గర హజీరాలో ఆరు వరుసల రోడ్డుని పూర్తిగా స్టీల్ స్లాగ్‌తోనే వేశారు. అక్కడా పక్కనే ఉక్కు ఫ్యాక్టరీ.

"మరి ఆ రోడ్డు పొంగలేదేం?"

"కొలిమిలోంచి తీసింది తీసినట్టు వేసేస్తార్రా ఎవరైనా?" పగలగొట్టి, ఇనప ముక్కల్ని అయస్కాంతంతో లాగేసి, నెలల తరబడి ఎండకీ వానకీ వదిలేస్తారట, లేదా ఆవిరి పట్టిస్తారట. లోపలి సున్నం పొంగాల్సిందంతా అక్కడే పొంగిపోవాలి. కాంక్రీటులో వాడే కంకర గురించి 2016లో సవరించిన ఐ.ఎస్. 383 అనే భారతీయ ప్రమాణం కూడా ఇనప చువ్వలు వేసే కాంక్రీటులో స్టీల్ స్లాగ్ కంకరని ఒప్పుకోదు.

గేటు దగ్గర రసీదు ఇచ్చి నా రాళ్లు వెనక్కి తీసుకున్నాను. సాయంత్రం అక్క పెట్టిన పకోడీలు తింటూ బావ వాటిని తిప్పి తిప్పి చూశాడు. ఒకదాని పగుల్లో తెల్లటి పొడి ఉంది. గోటితో గీకి చూపించాడు.

"గచ్చు తవ్వించేయ్. ఆ రాయి పారేయకు, పెరట్లో కుప్ప పోయించి ఏడాదిపాటు తడవనీ. తర్వాత గేటు ముందు దారికి వేసుకో."

ఇప్పుడా కుప్ప మా కొబ్బరిచెట్టు కింద ఉంది. వారానికోసారి పైపు పెట్టి తడుపుతున్నాను. మొక్కలకి లేని నీళ్లు రాళ్లకా అని మా ఆవిడ రోజూ అడుగుతోంది.