ఇంజన్ దించే ముందు చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి

గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసే పాత డీజిల్ పికప్ బండిలో కొట్టుడు మొదలైతే అందరికీ ముందు గుర్తొచ్చేది విజయవాడ ఆటోనగర్. వెళ్లండి, మంచి పనివాళ్లున్న చోటే. కానీ లేతు మిషన్లు, సుత్తి దెబ్బల మధ్య ఏ చప్పుడు ఎక్కడిదో ఎంత చెవి ఉన్నవాడికైనా సరిగ్గా దొరకదు. సగం పరీక్ష ఇంటి దగ్గరే, పొద్దున్నే, రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజన్ మీద చెయ్యాలి. ఆ చల్లటి స్టార్టింగ్ ఒక్కసారి పోతే మళ్లీ మర్నాడే.

సెల్ఫ్ కొట్టగానే వచ్చి, ఇంజన్ వేడెక్కాక తగ్గిపోయే చప్పుడుకు సాధారణంగా రెండు కారణాలు. సైలెన్సర్ మ్యానిఫోల్డ్ దగ్గర టిక్‌టిక్‌మంటూ, అతుకు దగ్గర నల్లటి మసి కనిపిస్తే ప్యాకింగ్ లీకు. వేడికి ఇనుము సాగి సందు మూసుకుంటుంది కాబట్టి కాసేపటికి ఆగుతుంది. అలా కాకుండా బ్లాకు పక్కనుంచి మొద్దుగా కొడితే బోరు అరిగి పిస్టన్ ఆడుతున్నట్టు. ఆయిల్ తాగడం, పొగ పెరగనంత వరకు దీనికి కంగారు అక్కర్లేదు. అసలు భయపడాల్సింది వేడెక్కేకొద్దీ పెరిగే చప్పుడుకు. ఆయిల్ పలచబడ్డాక బయటపడే కొట్టుడు బేరింగులదే అయ్యే అవకాశం ఎక్కువ.

తర్వాత ఫ్యాన్ బెల్టు తీసేసి ఇంజన్ నడపండి. నిమిషం లోపే, ఎందుకంటే ఇంజన్‌లో నీళ్లు తిప్పే పంపు, అదే వాటర్ బాడీ, తిరగదు. చప్పుడు ఆగిందా? అయితే తప్పు డైనమోలోనో, వాటర్ బాడీ బేరింగులోనో, బెల్టు బిగించే పుల్లీలోనో ఉంది. ఒక్కొక్క పుల్లీని చేత్తో పట్టుకుని ఊపితే ఆట తెలిసిపోతుంది. వాటర్ బాడీ కింది చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ మరక ఉంటే ఇక వేరే రుజువు అక్కర్లేదు. ఒక జాగ్రత్త: చాలా బండ్లలో బ్రేకుకు వాక్యూమ్ ఇచ్చే పంపు డైనమో వెనకే ఉంటుంది. బెల్టు లేకుండా బండి అడుగు కూడా కదపొద్దు, బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడి, ఎంత తొక్కినా బ్రేకు సరిగ్గా పట్టదు.

న్యూట్రల్‌లో క్లచ్ తొక్కి కూడా చూడండి. తొక్కినప్పుడు చప్పుడు వస్తే రిలీజ్ బేరింగ్, తొక్కితే ఆగిపోతే గేర్‌బాక్సు ముందు షాఫ్టు బేరింగ్. ఈ రెండింటికీ ఇంజన్ విప్పించుకున్న బండ్లున్నాయి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు లోపలికి. పొడవాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, మొనను ఇంజన్ పైనుండే టాపెట్ కవరు మీద, తర్వాత డీజిల్ చిమ్మే ఒక్కో నాజిల్ దగ్గర, బ్లాకు మీద, చివరికి అడుగునున్న ఆయిల్ చాంబర్ మీద పెడుతూ రండి. చప్పుడు పైన గట్టిగా ఉందో కింద గట్టిగా ఉందో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఫ్యానుకు, బెల్టుకు దూరంగా ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

మెకానికల్ పంపు ఉన్న పాత డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజన్లకు ఇంతకన్నా గట్టి పరీక్ష ఉంది. ఇంజన్ స్లోలో నడుస్తుండగా నాజిల్ దగ్గరి డీజిల్ పైపు నట్టును, ఎక్కువగా 17 లేదా 19 స్పానర్‌తో, అర చుట్టు వదులు చేస్తే ఆ సిలిండర్ ఆగిపోతుంది. గుడ్డ కప్పి, గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకుని, కొద్ది సెకన్లే చెయ్యాలి. ఏ సిలిండర్ ఆపితే కొట్టుడు తగ్గిందో తప్పు అందులోనే: నాజిల్, పిస్టన్, లేదా కనెక్టింగ్ రాడ్ బేరింగ్. ఏది ఆపినా మార్పు లేకపోతే టాపెట్ వైపు చూడండి. అన్ని నాజిళ్లకూ ఒకే హైప్రెషర్ పైపు నుంచి డీజిల్ వెళ్లే కామన్ రైల్ బండిలో మాత్రం ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యొద్దు. ఆ పైపుల్లో ప్రెషర్ 1000 బార్ దాటుతుంది, డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

సిలిండర్ దొరికాక ముందు అనుమానించాల్సింది నాజిల్‌నే. దాన్ని పక్క సిలిండర్‌కు మార్చండి, కొత్త కాపర్ వాషర్‌తోనే. చప్పుడు కూడా దానితోపాటు మారితే పంపు షాపులో నాజిల్ టెస్టు చేయిస్తే సరిపోతుంది. పాత వాషర్ కింద గ్యాస్ లీకైనా చఫ్ చఫ్‌మంటుంది, నాజిల్ చుట్టూ తారులాంటి నలుపు పేరుకుంటుంది.

టాపెట్ విషయంలో ఎక్కువగా జరిగే తప్పు, చప్పుడు ఆగాలని గ్యాప్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే ఆర్మ్‌కూ మధ్య సందు, మరీ తగ్గించెయ్యడం. అప్పుడు వాల్వు పూర్తిగా కూర్చోదు, వేడి సీటుకు చేరదు, అంచు కాలిపోతుంది. బండి నిశ్శబ్దంగానే ఉంటుంది, లాగుడు మాత్రం పోతుంది. కొద్దిగా వినిపించే టాపెట్ అసలు వినిపించని టాపెట్ కన్నా మేలు. గ్యాప్ మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న అంకె ప్రకారం ఫీలర్ గేజ్‌తోనే పెట్టాలి. 1-3-4-2 ఫైరింగ్ ఆర్డర్ ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ ఊగుతున్నప్పుడు (ఒకటి మూసుకుంటూ, రెండోది తెరుచుకుంటూ ఉన్నప్పుడు) ఒకటోదానికి, రెండోది ఊగుతున్నప్పుడు మూడోదానికి పెట్టాలి. తిరగేసినా అంతే.

ఇక ఆయిల్. ప్రెషర్ స్విచ్ విప్పి ఆ స్థానంలో మామూలు గేజ్ బిగించండి. వేడెక్కిన ఇంజన్‌కు ప్రతి 1000 ఆర్పీఎంకు సుమారు 10 పీఎస్ఐ ఉండాలనేది పాత కొలత. అంతకన్నా బాగా తక్కువ చూపిస్తూ, రేస్ ఇచ్చి వదిలినప్పుడు కింద నుంచి టకటకా కొడితే ఆయిల్‌ను శుభ్రమైన ట్రేలోకి దించి ఎండలో చూడండి. అయస్కాంతానికి అంటుకోని, రాగి రంగు మెరుపు ఉన్న పొరలు కనిపిస్తే అవి బేరింగ్ షెల్లువే, అంటే క్రాంక్ చుట్టూ పట్టి ఉండే అరచుట్టు రేకులవే. చిక్కటి ఆయిల్ పోస్తే చప్పుడు కొన్నాళ్లు అణిగిపోతుంది. పాత బండి కొనేటప్పుడు డిప్‌స్టిక్ మీది ఆయిల్ వేళ్లతో రుద్ది చూడమనేది ఇందుకే.

షెల్లు పోయిందని తేలితే బండిని ఆటోనగర్‌కు కూడా నడపొద్దు, కట్టి లాక్కెళ్లండి. ఆ కొద్ది కిలోమీటర్లలోనే క్రాంక్ గీరుకుపోతుంది, రాడ్ విరిగితే బ్లాకే పగులుతుంది. ముందే ఆపితే క్రాంక్‌ను కొలిపించి, బాగుంటే అదే సైజు షెల్లు, గీతలు పడితే 0.25 మిల్లీమీటర్లు గ్రైండింగ్ చేయించి, మెకానిక్కులు టెన్ సైజు అనే షెల్లు వేయించుకోవచ్చు. కొలత మైక్రోమీటర్‌తో మీ ముందే తీయమనండి.