పన్నెండేళ్లకు మారిన నా డిశ్చార్జ్ కాగితం: నా అనుభవం

నిన్న పోస్టులో కొత్త డీడీ 214 వచ్చింది, అంటే అమెరికా సైన్యం నుంచి బయటికి వచ్చినవాళ్లకి ఇచ్చే డిశ్చార్జ్ కాగితం. 24వ గడిలో 'ఆనరబుల్' అని, అంటే గౌరవంగా పంపారని ఉంది. ఆ ఒక్క మాటకి 12 ఏళ్లు పట్టింది. నిజంగా తిరిగింది రెండేళ్లే, మిగతా పదేళ్లు ఒకాయన చెప్పిన అబద్ధాన్ని నమ్మి కూర్చున్నాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇవాళే రాసేస్తున్నాను. అమెరికా ఆర్మీలో చేరిన తెలుగు పిల్లలు నాకు తెలిసే కొందరున్నారు, వాళ్ల ఇళ్లలో ఈ డిశ్చార్జ్ రకాల గురించి ఎవరికీ తెలియదు, మా ఇంట్లోనూ తెలియదు.

తెనాలిలో తొమ్మిదో తరగతి అయ్యాక మేం న్యూజెర్సీ వచ్చాం. 2009లో గ్రీన్ కార్డు మీదే ఆర్మీలో చేరాను, ముఖ్యంగా చదువు ఖర్చు కోసం. 2011లో కాందహార్ దగ్గర మా ముందు బండి కింద బాంబు పేలింది. దాని గురించి ఇంతకంటే రాయను. తిరిగొచ్చాక నిద్ర పోయింది, తాగుడు వచ్చింది, పొద్దున హాజరుకి చాలాసార్లు ఆలస్యమయ్యాను, ఒకసారి తాగి కారు నడిపి పట్టుబడ్డాను. అది నా తప్పే, ఆ రాత్రి రోడ్డు మీద ఎవరైనా అడ్డం వచ్చి ఉంటే అన్న భయం ఇప్పటికీ పోలేదు. 2013లో 'జనరల్, అండర్ ఆనరబుల్ కండిషన్స్' అని, అంటే ఆనరబుల్ కంటే ఒక మెట్టు కింద రాసి పంపేశారు. సర్వీసు ఆరేళ్లు నిండితే పంపేసే ముందే ఒక బోర్డు ముందు చెప్పుకునే హక్కు ఉండేది, నాకు నాలుగేళ్లే.

కాగితాల మీద సంతకాలు పెట్టించిన సార్జెంట్ "ఆరు నెలలు ఆగు, దానంతటదే ఆనరబుల్ అయిపోతుంది" అన్నాడు. దానంతటదే మారడం అనేది ఎక్కడా లేదు, మనం అడిగితేనే, రుజువులు చూపిస్తేనే మారుతుంది. ఈ మాట ఇప్పటికీ బ్యారక్స్‌లో తిరుగుతూనే ఉందని విన్నాను, దయచేసి ఎవరూ నమ్మకండి. 'జనరల్' ఉన్నవాడికి వెటరన్ (మాజీ సైనికుల) ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది, కాలేజీ ఫీజు కట్టే జీఐ బిల్లు మాత్రం దొరకదు. నేను చేరిందే దాని కోసం.

మొదటి మెట్లు తేలికే. సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రానికి రాసి ఫైలు మొత్తం తెప్పించుకున్నాను. డీడీ 214లో మెంబర్ 4 కాపీయే అడగండి, డిశ్చార్జ్ రకం, కారణం ఉండేది అందులోనే. డిశ్చార్జ్ అయిన 15 ఏళ్లలోపు అయితే డీడీ 293 ఫారంతో, డిశ్చార్జ్‌ని మళ్లీ పరిశీలించే రివ్యూ బోర్డుకి పెట్టుకోవచ్చు, దాటితే డీడీ 149తో రికార్డులు సరిదిద్దే వేరే బోర్డుకి వెళ్లాలి. ఒక లాయరు 6,000 డాలర్లు అడిగాడు. ఉచితంగా సాయం చేస్తామన్న ఒక సంఘం వాళ్లు నా పాత అపార్ట్‌మెంట్ నంబరు వేసి పంపారు, బోర్డు ఉత్తరం అక్కడికి వెళ్లి వెనక్కి పోయింది, నాలుగు నెలలు దండగ. ఎవరు నింపినా సరే, సంతకం పెట్టేముందు ప్రతి గడీ మీరే చదువుకోండి.

నన్ను నిలువునా కోసింది మాత్రం ఆ ఫైల్లోని ఒక ఫారం. యుద్ధం నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆరోగ్యం గురించి నింపిస్తారు, డీడీ 2796. పీడకలలు వస్తున్నాయా, ఆ సంఘటన గుర్తు రాకుండా తప్పించుకుంటున్నారా, ఉలిక్కిపడుతున్నారా. అన్నిటికీ 'నో' అని ఉంది, కింద నా సంతకం. ఆ రోజు మాకు చెప్పిందేమిటంటే, 'యెస్' పెట్టినవాడు పరీక్షలకి ఆగిపోతాడు, మిగతావాళ్లు ఇంటికి పోతారు. బయట హాల్లో అమ్మా నాన్నా పూలు పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను ప్రశ్నలు కూడా పూర్తిగా చదవలేదు. ఫైలు వచ్చిన రోజు నాన్న కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివి, "ఒరేయ్, ఇవన్నీ నువ్వే పెట్టావా?" అన్నారు. అవునన్నాను. ఇంకేం అడగలేదు, లేచి వెళ్లిపోయారు. అప్పుడు వచ్చిన ఏడుపు కాందహార్‌లో కూడా రాలేదు.

2017లో రక్షణ శాఖ ఇచ్చిన కర్టా మెమో ఒకటుంది, ప్రతి ఒక్కరూ చదవాలి. బోర్డు నాలుగు ప్రశ్నలు చూడాలంటుంది: నీకు మానసిక గాయం లాంటిది ఉందా, అది సర్వీసులో ఉండగానే ఉందా, నువ్వు చేసిన తప్పుకి అది కారణమా, ఆ తప్పు కంటే దాని బరువు ఎక్కువా. వెటరన్ ఆసుపత్రి డాక్టరు పీటీఎస్‌డీ (భయంకరమైన సంఘటన తర్వాత మిగిలే మానసిక గాయం) అని రాసిచ్చిన కాగితంతో మొదటిదానికి జవాబుంది. రెండోదాని దగ్గర నా 'నో'లు అడ్డం నిలబడ్డాయి.

అమ్మ ఉత్తరం రాసింది అందుకే. మొదట బావ ఇంగ్లీషులో ఒకటి రాసిచ్చాడు, పెద్ద పెద్ద డాక్టరు మాటలతో, అందులో అమ్మ ఎక్కడా లేదు. వద్దని, అమ్మనే తెలుగులో రాయమన్నాను, అనువాదం చేసినవాళ్ల సంతకంతో కలిపి రెండూ పెట్టాం. 2012లో సెలవుకి వచ్చినప్పుడు రోడ్డు పక్కన చెత్త సంచి కనిపిస్తే కారు అవతలి వైపుకి లాగేసేవాడినని, 15 రోజులూ వీధి తలుపుకి వీపు ఆనించి కూర్చునే నిద్రపోయానని రాసింది. నాకే గుర్తులేదు. బ్యారక్స్‌లో నా గదిలో ఉన్న స్నేహితుడు కూడా అలాంటిదే రాసి పంపాడు.

విచారణ వీడియోలో జరిగింది, ఐదుగురు సభ్యులు. ఒకావిడ ఆ ఫారం చూపించి, "అప్పుడు అబద్ధం చెప్పారా, ఇప్పుడు చెప్తున్నారా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే, అయినా నోరు ఎండిపోయింది. అబద్ధం అప్పుడే చెప్పానన్నాను. ఇంటికి వెళ్లాలని చెప్పాను, నాకు 22 ఏళ్లు, మా అమ్మ హాల్లో ఉంది అన్నాను. తయారుచేసుకున్న జవాబు ఇది కాదు. తర్వాత ఆవిడ అమ్మ ఉత్తరంలోని చెత్త సంచి సంగతి గురించే అడుగుతూ పోయింది. దాచిపెట్టి గెలుద్దామనుకునేవాళ్లకి ఒకటే చెప్తాను, మీ ఫైలు వాళ్ల దగ్గర మీకంటే ముందే ఉంటుంది.

డిశ్చార్జ్ ఆనరబుల్ అయింది. 2013 జనవరి 1 నుంచి బయటికి వచ్చినవాళ్లకి జీఐ బిల్లు వాడుకోవడానికి గడువు లేదు కాబట్టి కాలేజీకి దరఖాస్తు పెడుతున్నాను. కానీ 28వ గడిలో కారణం మాత్రం 'మిస్‌కాండక్ట్, చిన్న తప్పులు' అనే ఉంది. ఉద్యోగం ఇచ్చేవాడు ఆ గడి కూడా చూస్తాడు. దాని కోసం డీడీ 149 ముందేసుకుని కూర్చున్నాను, అమ్మ ఇంకో ఉత్తరం రాస్తానంటోంది.