రిజిస్టర్‌లో సున్నా

మా క్లినిక్ బయోమెడికల్ వేస్ట్ (వాడిన సూదులు, దూది లాంటి ఆసుపత్రి వ్యర్థాలు) ఫైలు చూస్తే ఎవరైనా మెచ్చుకోవాల్సిందే. 2016 నిబంధనల్లో చెప్పినట్టే పసుపు, ఎరుపు, తెలుపు, నీలం డబ్బాలు, గోడకి తెలుగులో చార్టు, వ్యర్థాలు తీసుకెళ్లే వ్యాన్ వచ్చిన ప్రతిసారీ సంతకం. ఖమ్మంలో చిన్న క్లినిక్ మాది. నర్సు పనితో పాటు ఆ ఫైలూ నా నెత్తినే.

గత అక్టోబరులో ఒక సోమవారం. బయట పదిహేను మంది కూర్చుని ఉన్నారు. ఒకాయనకి రక్తం తీశాను. నీడిల్ కట్టర్ అవతలి బల్ల మీద, రెండడుగుల దూరంలో ఉంది. ఆ రెండడుగులు వేయడానికి బద్ధకించి సూదికి మూత పెట్టబోయాను. మూత పక్కకి జారి, సూది గ్లవ్ లోంచి ఎడమ చూపుడు వేల్లో దిగింది. చీమ కుట్టినంత నొప్పి. గ్లవ్ లోపల రక్తపు చుక్క మెల్లగా పాకడం మాత్రం కనిపించింది.

వాడిన సూదికి మూత పెట్టొద్దని రాసున్న చార్టు అంటించింది నేనే.

వేలు నోట్లో పెట్టుకోబోయి ఆగాను. "గట్టిగా పిండండి సిస్టర్, చెడు రక్తం పోతుంది" అంది ఆయమ్మ. పిండకూడదు, స్పిరిటూ డెట్టాలూ పోయకూడదు, కుళాయి కింద సబ్బుతో కడగడమే. అంతవరకు తెలుసు. తర్వాత ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఫైలంతా తిరగేసినా ఒక్క ముక్క లేదు. సార్ "ఏం కాదులేమ్మా" అన్నారు గానీ ఆయన మొహంలోనూ టెన్షనే.

హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు వీలైతే రెండు గంటల్లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటనివ్వకూడదు. ఆటో ఎక్కి ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి పరుగెత్తాను. "హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయా?" అనడిగింది కౌన్సెలర్. రెండే అయ్యాయి. ఆరో నెల డోసు ఇవాళ రేపు అంటూ నాలుగేళ్లు గడిపేశాను. ఫైల్లో నా పేరు పక్కన మాత్రం టిక్కు ఉంది. అదీ నేను పెట్టిందే.

రక్తం ఇచ్చినాయన ఫోన్ స్విచాఫ్. మొదటి మాత్ర అక్కడే వేసుకున్నాను. మొత్తం 28 రోజులు వాడాలన్నారు. ఆ రాత్రంతా వికారం. ఇంట్లో చెప్పాలా వద్దా అనే తేల్చుకోలేకపోయాను.

మర్నాడు ఆయన ఫోన్ ఎత్తారు. "నా మీద అనుమానమా అమ్మా?" అన్నారు. "మీ మీద కాదు బాబాయ్, తొందరపడింది నేను" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి వచ్చి పరీక్షలకి చెయ్యి చాపారు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి మూడూ నెగెటివ్. అక్కడి డాక్టరుగారు మందు ఆపేయమన్నారు. టీకా మూడో డోసు వేయించుకున్నాకే ఇంటికెళ్లాను.

తర్వాత ప్రమాదం ఫారం. ఎప్పుడు, ఎలా, మళ్లీ జరగకుండా ఏం చేశారు అని గళ్లు. నిబంధనల లెక్కలో సూది గుచ్చుకోవడం పెద్ద ప్రమాదం కాదట, వ్యర్థాల లారీ బోల్తా పడితే పెద్దది! అయినా జూన్ 30 లోపు పంపే వార్షిక నివేదికలో చూపించాల్సిందే. నేను రాస్తుంటే ఆయమ్మ చీపురు పక్కన పెట్టి, "నాకూ గుచ్చుకుంది సిస్టర్, శ్రావణంలో, ఎర్ర సంచి మూతి కడుతుంటే. చెబితే పన్లోంచి తీసేస్తారేమోనని..." అంది. ఎర్ర సంచిలో సూది ఉండనే కూడదు. అందులో వేసింది ఎవరో తెలియదు. నేనే కావచ్చు.

ఆయమ్మకి పరీక్షలు చేయించి, టీకా మొదలుపెట్టించాం. కట్టర్ ఇప్పుడు రక్తం తీసే ట్రే పక్కనే ఉంటుంది, ఏఆర్‌టీ సెంటర్ నంబరు గోడ మీద. నివేదికలో ఏటా సున్నా వేసే గడిలో ఈసారి 2 వేశాను. సార్ దానివంక కాసేపు చూసి, సంతకం పెట్టారు.