లాట్ నంబరు కోసం పడ్డ పాట్లు

మా చిన్నమామ స్వెటర్ నిన్న రాత్రి పూర్తయింది. ఆయన ఉండేది ఉట్నూరులో. ఆదిలాబాద్ వైపు చలి ఎలా ఉంటుందో అక్కడ ఒక్క డిసెంబరు గడిపినవాళ్ళకి చెప్పక్కర్లేదు. చివరి కుట్టు మూసి దారం కత్తిరించేసరికి సంతోషం కంటే కోపమే ఎక్కువగా ఉంది. అది చల్లారకముందే రాస్తున్నాను.

అల్లికలో ఏ ఇబ్బందీ రాలేదు. అంచు పట్టీలు పది నంబరు సూదులతో, మిగతాదంతా ఎనిమిది నంబరుతో అల్లాను. వెనక భాగం, ముందు భాగం, ఒక చెయ్యి సాఫీగా అయిపోయాయి.

ఊలు కొన్నది సికింద్రాబాద్‌లో ఒక కొట్లో. మామ భారీ మనిషి, ఇంకో రెండు ఉండలు పట్టొచ్చు, ఇదే లాట్‌వి పక్కన పెట్టమని ఆ రోజే అడ్వాన్స్ ఇచ్చాను. సరేనని పుస్తకంలో రాసుకున్నారు. తీరా వెళితే ఎవరికో అమ్మేశారు! వేరే లాట్‌వి నా చేతిలో పెట్టి, "అదే రంగమ్మా, నంబరు చూసుకో" అన్నాడు కొట్టాయన.

లేబుల్ మీద రెండు నంబర్లుంటాయి. షేడ్ నంబరు ఏ రంగో చెబుతుంది. లాట్ నంబరు ఆ దారానికి ఏ విడతలో రంగు వేశారో చెబుతుంది. రంగు మోతాదులో, నీళ్ళలో, వేడిలో కాస్త తేడా వచ్చినా ఛాయ మారిపోతుంది. ఉండలుగా ఉన్నప్పుడు కంటికి ఆనదు, అల్లాక మాత్రం చారలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైగా ట్యూబ్‌లైట్ కింద ఒకేలా ఉన్నవి ఎండలో వేరుగా ఉండొచ్చు. అందుకే గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూస్తానన్నాను.

"బిల్లు కాకుండా సరుకు బయటికి పోదు" అని ఉండలు నా చేతిలోంచి లాక్కున్నాడు. కొట్టు నిండా జనం. అందరూ నా సంచీ వైపే చూశారు. అంతటితో ఆగలేదు. "ఇంత బాధెందుకమ్మా, చలికాలం రోడ్డు పక్కన రెడీమేడ్‌వి కుప్పలు పోసి అమ్ముతారు, ఒకటి కొనివ్వు" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అడ్వాన్స్ తిరిగి ఇమ్మంటే, ఆ డబ్బుకి ఇవే తీసుకెళ్ళమన్నాడు. చేసేది లేక తీసుకున్నాను. బస్సులో ఇంటికొచ్చేదాకా నా మొహం మండుతూనే ఉంది.

ఊలు అమ్ముకుని బతికేవాడే అల్లేవాళ్ళని ఇంత చులకన చేస్తే ఇంకెవరిని అనాలి? నర్సాపురం ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని అల్లిన లేసు తరాలుగా విదేశాలకి వెళుతోంది. 2024లో దానికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. చేతిపనిని కాలక్షేపం అనేవాళ్ళు ఒక్క వరస అల్లి చూపించాలి.

ఇంటికొచ్చి ఎండలో పెడితే నా అనుమానమే నిజమైంది. మామది ముదురు ఆకుపచ్చ, కొత్తది కాస్త నీలం వైపు తిరిగింది. రెండు చేతులూ రెండు రంగుల్లో ఉండకూడదని అల్లిన చెయ్యి విప్పేశాను. విప్పిన దారం వంకరలు తిరిగి ఉంటుంది కాబట్టి చిలపలా, అంటే పొడవాటి వదులు చుట్టలా చుట్టి, అక్కడక్కడా వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో ముంచి ఆరేశాను. తర్వాత రెండు వరసలు పాతది, రెండు వరసలు కొత్తది చొప్పున రెండు చేతులూ అల్లాను. రెండేసి వరసలైతే దారం తిరిగి అదే అంచుకి వస్తుంది, తెంపక్కర్లేదు. ఛాయలు కలిసిపోయాయి. మా పిన్ని ఎన్నో ఏళ్ళుగా దర్జీ పని చేస్తోంది, ఆమె కంటికే తేడా దొరకలేదు!

కుట్టి జోడించడం ఒక్క సాయంత్రం పని. యాక్రిలిక్ కలిసిన ఊలుకి మాత్రం వేడి ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి, బిగువు పోయి సాగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, "పక్కన పెడతాం" అన్న మాట నమ్మకండి. ఒక ఉండ ఎక్కువైనా సరే, ఒకేసారి కొనేయండి. బిల్లు మీద లాట్ నంబరు రాయించుకోండి. రాయనన్న కొట్లో కొనకండి.

ఈ రోజు పొద్దున్నే మేనకోడలి స్వెటర్ మొదలుపెట్టాను. ఆవపిండి రంగు. ఈసారి వేరే కొట్టుకి వెళ్ళాను. అక్కడి పెద్దావిడ అడక్కుండానే ఉండలన్నీ మెట్ల మీదికి తెచ్చి ఎండలో చూపించింది, లాట్ నంబర్లు తనే చదివింది. గుండ్రటి సూదితో మెడ నుంచి కిందికి అల్లుతున్నాను, పక్కలు కుట్టి జోడించే పని ఉండదు. మెడ పట్టీ అయిపోయింది. ఇప్పుడు వరస విడిచి వరసకి నాలుగు చోట్ల రెండేసి చొప్పున ఎనిమిది కుట్లు పెంచుతున్నాను. ఆదివారం పాప వస్తుంది, చంక దగ్గర ఎక్కడ ఆపాలో దాని ఒంటి మీదే చూసుకుంటాను.