బతుకమ్మ ముందా, ట్రెయిల్ రిడ్జ్ ముందా

డెన్వర్ చుట్టుపక్కల ఉండే మా తెలుగువాళ్ల ఇళ్లలో సెప్టెంబరు చివరికల్లా ఒక పంచాయితీ తప్పదు. దసరా సంబరాలు పెట్టుకునే వారాంతాలూ, కొండల మీద ఆస్పెన్ చెట్ల ఆకులు పసుపురంగుకు తిరిగే వారాంతాలూ ఇంచుమించు ఒకేసారి వచ్చిపడతాయి. బతుకమ్మదేముంది, స్కూలు జిమ్ ఏ వారం దొరికితే ఆ వారం ఆడతాం. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కులో కొండల మీదుగా పోయే ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు అలా కాదు. అక్టోబరు మధ్యలోనో చివర్లోనో మంచు ముదిరి గేటు వేశారంటే మళ్లీ మే నెలాఖరు దాకా తియ్యరు. ఒక్కోసారి సెప్టెంబరులోనే మంచు పడి రోడ్డు మూసేస్తారు.

పిల్లలిద్దరూ కొండ అంటారు, నేను బతుకమ్మ అంటాను, మా ఆయన ఎటూ తేల్చడు. మొన్నటి ఏడు శనివారం కొండ, ఆదివారం బతుకమ్మ అని రాజీ కుదిరింది. ఆ రాజీలో తిప్పలన్నీ నావే. పూలు ఎప్పుడు తేవాలి, ఎప్పుడు పేర్చాలి?

ఆ ధ్యాసలో ఉన్నదాన్ని, పార్కు గేటు దాటిన కాసేపటికి మైదానం పక్కన పసుపుపచ్చటి పొదలు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. అచ్చం తంగేడు! కారు ఆపించాను. దగ్గరికెళ్తే తంగేడు కాదు. తంగేడు పువ్వుకు వెడల్పాటి రేకులుంటాయి. ఇవి సన్నటి పూల గుత్తులు, బూడిదరంగు సన్నని ఆకులు, ముక్కు పట్టుకునేంత ఘాటు. రాబిట్‌బ్రష్ అంటారట. ఏదైతేనేం, నాలుగు కొమ్మలు తెంపుకుంటే బతుకమ్మలో ఒక వరుస నిండుతుంది కదా అని చెయ్యి చాపాను.

"అమ్మా, నో! ఇక్కడ పూలు తెంపకూడదు." మా చిన్నది. అంతకుముందు ఏడు ఇదే పార్కులో రేంజర్ ముందు కుడిచెయ్యెత్తి ప్రమాణం చేసి జూనియర్ రేంజర్ బ్యాడ్జి తెచ్చుకుంది. ఆ బ్యాడ్జి ఆవేళా స్వెట్టర్ మీదే ఉంది.

"నాలుగు కొమ్మలేనే" అన్నాను.

"ఏటా నలభై లక్షల మంది వస్తారమ్మా. అందరూ నాలుగు కొమ్మలంటే?"

నాకు కోపం వచ్చింది, నిజమే చెబుతున్నా. జనగామ దగ్గర మా ఊళ్లో తెల్లారకముందే అన్నల వెంట గుట్టకు పోయేదాన్ని. తంగేడు, చేను గట్ల మీద గునుగు, ఒళ్లో పట్టినన్ని. అది ఎవరి చేను, ఎవరి గుట్ట అని అడిగినవాళ్లు లేరు. ఎవరూ నాటని, నీళ్లు పొయ్యని పూలను తెచ్చి గౌరమ్మను చేసుకునే పండుగ అది. నా బిడ్డకు ఇద్దామని ఇంత దూరం మోసుకొచ్చింది కూడా ఆ తెంపుకొచ్చే సంబరాన్నే. పాటలు ఫోన్లో దొరుకుతాయి, చీర ఆన్‌లైన్లో వస్తుంది. ఇదొక్కటే ఇక్కడ నేరం!

ఎస్టెస్ పార్క్ అనే ఊరి నుంచి గ్రాండ్ లేక్ అనే ఊరి దాకా 48 మైళ్ల దారి. 1932లో మొదటిసారి తెరిచిన ఈ రోడ్డు 12,183 అడుగుల దాకా ఎక్కుతుంది. అందులో 11 మైళ్లు చెట్టు బతకలేని ఎత్తులోనే. లోయ వైపు చాలాచోట్ల రెయిలింగ్ కూడా ఉండదు. మా ఆయన స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని "దిగేదాకా నాతో ఎవరూ మాట్లాడకండి" అన్నాడు. ఆ టెన్షన్‌లో వెనకసీట్లో ఫట్‌మని చప్పుడైతే టైరు పోయిందనుకున్నాం. పోయింది చెక్కల ప్యాకెట్. పైకెక్కేకొద్దీ గాలి పలచబడి ఉబ్బి ఉబ్బి పగిలింది. పెద్దోడు సీటు కింద పడ్డ చెక్కలు ఏరుకు తింటూనే వాతావరణ పీడనం మీద క్లాసు పీకాడు. రోడ్డు అంచున పాతిన పొడుగు కర్రలు ఎందుకో కూడా వాడే చెప్పాడు. వసంతంలో మంచు తొలిచే బండ్లకు ఆ తెల్లటి గుట్టల కింద రోడ్డెక్కడుందో తెలిసేది వాటి వల్లేనట. ఒక్కోచోట 20 అడుగులకు పైగా పేరుకుంటుందట.

ఆ ఎత్తులోనే ఉన్న రాక్ కట్ అనే చోట ఆగాం. గాలి కారు తలుపు తియ్యనివ్వలేదు. అక్కడి మొక్కలు జానెడు కూడా ఎదగవు. సెప్టెంబరులో నేలంతా ఎర్రబారి ఉంటుంది. వాటిమీద అడుగులు పడితే మళ్లీ కోలుకోవడానికి పదుల ఏళ్లు, ఒక్కోచోట వందల ఏళ్లు పడుతుందని బోర్డు. బాటమీదే నడిచాం. చిన్నది నా కొంగు, అదే జాకెట్ అంచు, పట్టుకునే ఉంది. నా మీద నమ్మకం లేదు మరి.

అంతలో రాళ్ల సందులోంచి కీచుమని అరుపు. పికా. పిడికెడు ఉంటుంది, గుండ్రటి చెవులు, తోక కనబడదు. కుందేలు జాతిదే. నోటి నిండా గడ్డీ పూలూ అడ్డంగా కరుచుకుని పరిగెత్తుతోంది. చలికాలమంతా నిద్రపోకుండా బతకాలి కాబట్టి మంచు పడకముందే గడ్డి, పూలు కోసి రాళ్ల కింద కుప్పేసి ఎండబెట్టుకుంటుందట.

"దానికి పర్మిషన్ ఉందా?" అన్నాను.

చిన్నది నవ్వలేదు. కాస్త ఆలోచించి, "అది ఇక్కడిదమ్మా" అంది.

మరి నువ్వెక్కడిదానివే అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. పెద్దోడికి తలనొప్పి మొదలైతే ఆల్పైన్ విజిటర్ సెంటర్‌లో కాసేపు కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, గ్రాండ్ లేక్ ఊసెత్తకుండా వెనక్కి తిరిగాం. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెడితే ఊరుకోకుండా లో గేర్ వెయ్యమని వాళ్ల నాన్నకు పాఠం చెప్పిందీ వాడే.

ఆదివారం బతుకమ్మ దుకాణం పూలతోనే అయింది. బంతి, చామంతి, మధ్యలో ఇంకేవో గులాబిరంగువి. నిమజ్జనం ఎప్పటిలాగే పార్కింగ్ లాట్‌లో, గాలి ఊదిన పిల్లల ప్లాస్టిక్ కొలనులో. చిన్నది రెండు చుట్లు ఆడి, మూడోదానికి స్నేహితురాలిని లాక్కొచ్చి చప్పట్లు ఎలా కొట్టాలో నేర్పింది.

ఆ వారంలోనే అది ఇంకో మాట తెచ్చింది. రాబిట్‌బ్రష్ నర్సరీల్లో అమ్ముతారట. మన పెరట్లో మొక్కయితే మన ఇష్టమట. పెద్దగా నీళ్లు కూడా అడగదు. మా హెచ్‌ఓఏ, అదే ఇళ్ల యజమానుల సంఘం, వాళ్లకు పచ్చిక తప్ప ఏం పెట్టినా గిట్టదు కానీ, నీళ్లు తక్కువ తాగే తోటలకు దారిస్తూ 2023లో కొలరాడో చట్టం చేసింది. దాన్ని ప్రింటు తీసి వాళ్ల అనుమతి ఫారానికి జతచేశాం. మొక్క ఎక్కడ పెడతారో కూడా రాయమన్నారు. ఆ ఘాటు పడకగది కిటికీ కింద వద్దని మా ఆయన, స్కూలు బస్సు దిగగానే కనబడాలి కాబట్టి మెయిల్‌బాక్స్ పక్కనేనని చిన్నది. ఫారంలో ఆ గడి ఒక్కటే ఇంకా నింపలేదు.