పధ్నాలుగు బక్కెట్లు

1994 డిసెంబరులో మన స్కూలు స్కౌట్లం అరకు క్యాంపుకి వెళ్లాం. కిరండూల్ ప్యాసింజరులో సొరంగం వచ్చినప్పుడల్లా అరిచిన అరుపులకి దిగేసరికి సగం మందికి గొంతులు పోయాయి. ఆ కబుర్లు మిగతావాళ్లు రాస్తారు. నేను నెగడు గురించే రాస్తాను. ఆఖరి రాత్రి దాని పూచీ మా పెట్రోల్‌ది, అంటే మా స్కౌట్ జట్టుదే.

మాస్టారు ముందు రెండు బారల మేర ఎండుటాకులు ఊడ్పించి, మట్టి తేలేదాకా గడ్డి చెక్కించారు. గెడ్డలోంచి నున్నటి రాళ్లు ఏరుకొచ్చి చుట్టూ పేరిస్తే తీయించేశారు. "నీళ్లు పీల్చిన రాయిరా, వేడెక్కితే పేలుతుంది. గట్టు మీదవి తెండి." పుల్లల్ని ఒక్కొక్కటీ విరిచి చూపించమన్నారు. ఫట్‌మంటే ఎండినట్టు, వంగితే పక్కన పడెయ్యాలి. అగ్గిపుల్లలు రెండే ఇచ్చారు. మొదటిది మంచుకి తడిసిన గడ్డి మీద దండగైంది. ఇంటి నుంచి తెచ్చుకున్న కొబ్బరి పీచు మా పరువు నిలిపింది. పీచు మీద చితుకులు, వాటి చుట్టూ గాలాడేలా గోపురంలా నిలబెట్టిన వేలిలావు పుల్లలు, అవి అందుకున్నాక దుంగలు.

పదకొండింటికి పాటలూ స్కిట్లూ అయ్యాయి. ఇక ఆర్పాలి. దుంగలు విడదీసి, నీళ్లు చల్లి, కర్రతో కలిపి, మళ్లీ నీళ్లు పోసి, చెయ్యి తిరగేసి దగ్గరగా పెట్టి చూడాలి. చల్లగా ఉంటేనే పడుకోవాలి. గెడ్డేమో దూరం, పళ్లు కొట్టుకునే చలి. మావాడొకడు (ఇప్పుడు బ్యాంకు మేనేజరు, పేరు చెప్పను) "మట్టి కప్పేద్దాంరా, ఊపిరాడక అదే చస్తుంది" అన్నాడు. పారతో కప్పి, పైన తొక్కి, దుప్పట్లో దూరాం.

తెల్లారగట్ల లేచి చూస్తే నెగడు చోట ఏమీ లేదు. మూడడుగుల అవతల, ఎప్పుడో కొట్టేసిన మామిడి మొద్దు పక్కన నేలలోంచి అగరొత్తి పొగలా సన్నగా లేస్తోంది. మట్టి కింద కణికలు ఆరనేలేదు. ఎండువేరు అంటుకుని లోపల్లోపలే పాకుతోంది. మాస్టారు తిట్టలేదు. మొద్దును తానూ చూసుకోలేదని కూడా అన్నారు. నా చెయ్యి పట్టుకుని నేల మీద ఒక్క క్షణం ఆనించారు. అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది. 'నివురుగప్పిన నిప్పు'కి సొంతవాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను!

వేరు వెంట తవ్వుతూ పోయాం. నీళ్లు పోసినప్పుడల్లా చుయ్‌మని ఆవిరి, దాంతోపాటు బూడిద మొహాన కొట్టేది. మొత్తం పధ్నాలుగు బక్కెట్లు మోశాం. ఆఖరికి ఆ బురదని చేత్తో పిసికి, చల్లబడిందని నలుగురమూ ఒప్పుకున్నాకే మాస్టారు వదిలారు.

అప్పటికి మిగతావాళ్లంతా జీపులెక్కి బొర్రా గుహలకి వెళ్లిపోయారు. ఆ గుహల్లో నేను ఈనాటికీ అడుగు పెట్టలేదు. మేనేజరు గారూ అంతేనట.